ఒక్కడుంటే కప్పు వచ్చేస్తాదా?

ప్రశ్న: మా పెద్దోడు లాస్ ఏంజిలెస్‌లో ఉద్యోగం. ఫోన్ చేస్తే చాలు బేస్‌బాల్ గోలే, డాడ్జర్స్‌లో ఒహ్తానీ ఉండాడు, ఎంవీపీ (ఆ ఏటి బెస్ట్ ప్లేయర్ అవార్డు) కొట్టినోడు మా టీములో ఉంటే మళ్లీ కప్పు మాదే అంటాడు. నిజమేనా సార్?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: కప్పు ఛాన్స్ ఉందన్నా, కానీ ఒహ్తానీ ఒక్కడి వల్లే అంటే నేను ఒప్పుకోను. ఇదే ఒహ్తానీ 2018 నుంచి 2023 దాకా ఆ పక్కనే ఉండే ఏంజెల్స్ టీముకి ఆడినాడు, 2021లో ఎంవీపీ, 2023లో ఎంవీపీ, పైగా మూడు ఎంవీపీలు కొట్టిన మైక్ ట్రౌట్ గూడా అదే టీము, అయినా ఆ ఆరేళ్లలో ఒక్కసారి గూడా ప్లేఆఫ్స్ మొహం చూడలా. 2023లో ఆయన 44 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి, పిచింగ్‌లో (మన బౌలింగ్ లాంటిది) గూడా 10 గెలుపులు తెస్తే టీము 162 మ్యాచ్‌ల్లో 89 ఓడింది!

2016 ఐపీఎల్‌లో కోహ్లీ 973 రన్లు కొట్టినా ఫైనల్లో మన హైదరాబాద్ చేతిలో 8 రన్లతో ఓడిపోయినారు గదా. క్రికెట్లో అవుట్ కాకుంటే 20 ఓవర్లూ ఆడొచ్చు, బేస్‌బాల్‌లో హోమ్ రన్ కొట్టినా గూడా పోయి కూర్చోవాల్సిందే, మిగతా ఎనిమిది మందీ ఆడినాకే మళ్లీ వంతు, మామూలు మ్యాచ్‌కి నాలుగైదుసార్లు వస్తే గొప్ప.

వంతు వచ్చినా ఆడనియ్యరు. 2025 వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్, ఒక్క మ్యాచ్ కాదు, ఏడు మ్యాచ్‌ల దాకా పోతాది) మూడో మ్యాచ్‌లో ఒహ్తానీ రెండు హోమ్ రన్లు, రెండు డబుల్స్ (ఒక్క దెబ్బకి రెండో బేస్ దాకా) కొట్టేసరికి ఎదుటి టీము బ్లూ జేస్ వాళ్లు దండం పెట్టేసి, తర్వాత నాలుగుసార్లు కావాలనే ఫ్రీగా ఫస్ట్ బేస్‌కి పంపించేసినారు. చివరికి 18వ ఇన్నింగ్స్‌లో (మామూలుగా తొమ్మిదే) డాడ్జర్స్‌ని గెలిపించింది ఫ్రీమన్. ఏడో మ్యాచ్‌లో అయితే ఒహ్తానీ పిచింగ్‌లోనే బిషెట్ 3 రన్ల హోమ్ రన్ కొట్టినాడు, దాన్ని సరిచేసింది డాడ్జర్స్‌లోని రోహాస్, స్మిత్, ఇంకా ముందురోజే ఒక మ్యాచ్‌లో పిచింగ్ వేసి మళ్లీ వచ్చి బాల్ పట్టుకున్న యమమోటో. కాబట్టి మీ అబ్బాయిని ఎంవీపీ సంగతి కాదు, అక్టోబరుకి ఎంతమంది పిచర్లు దెబ్బల్లేకుండా మిగుల్తారో అడగండి.

ప్రశ్న: 2024లో ఆరన్ జడ్జ్ ఎంవీపీ, వాళ్ల యాంకీస్ ఏమో ఫైనల్ ఓడిపోయింది. అవార్డు ఇచ్చినోళ్లు ఫైనల్ చూళ్లేదా?
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: ఓట్లు వేసేటప్పటికి ఫైనలే జరగలేదు తమ్ముడూ! బేస్‌బాల్ రాసే జర్నలిస్టులు లీగ్ మ్యాచ్‌లు అయిపోతానే, ప్లేఆఫ్స్‌కి ముందే ఓటేసేస్తారు, రిజల్ట్ మాత్రం నవంబరులో చెప్తారు. జడ్జ్ ఆ సీజన్ 58 హోమ్ రన్లు కొట్టినాడు, కాదనను. కానీ వరల్డ్ సిరీస్ అయిదో మ్యాచ్‌లో 5-0తో ముందున్నప్పుడు చేతిలో పడిన లడ్డూ లాంటి క్యాచ్ జారవిడిచినాడు, దానికి తోడు ఇంకొకడు తప్పు త్రో వేసినాడు, పిచర్ కోల్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తకుండా నిలబడిపోయినాడు, అదే ఇన్నింగ్స్‌లో 5-5, చివరికి 7-6తో ఓటమి. ఫైనల్‌కి వేరే ఎంవీపీ ఉంటాది, ఆ ఏడు ఫ్రీమన్, 2025లో యమమోటో.

ప్రశ్న: ఫైనల్స్ మన టైముకి ఎప్పుడొస్తాయి?
– తిరుచానూరు

జవాబు: పొద్దున అయిదున్నర దాటినాక. మామూలుగా టిఫిన్ టైముకి అయిపోతాయి, ఆ 18 ఇన్నింగ్స్ మ్యాచ్ మాత్రం మధ్యాహ్నం 12 దాటింది, ఆఫీసుకు లీవు పెట్టుకోని చూడండి.