మోవర్‌కు బుల్లెట్ ఆయిలా?

ప్రశ్న: మాది గుంటూరు. అమరావతి రోడ్డు వైపు పెళ్ళిళ్లకు అద్దెకిచ్చే ఓపెన్ లాన్ ఉంది, ఎకరంన్నర గడ్డి. ఇన్నాళ్లూ ఇద్దరు మనుషులు బ్రష్ కట్టర్లతో కోసేవారు. ఇప్పుడు కూర్చుని నడిపే మోవర్ కొన్నాం. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ పెట్రోలు ఇంజను. ఆయిల్ పొయ్యకుండానే వచ్చింది, మీరే పోసుకోండి అన్నారు. అమ్మినాయన 10డబ్ల్యూ-30 చాలన్నాడు. మా బావమరిది బుల్లెట్ ఆయిల్ పొయ్యమంటాడు, మన ఎండకి అదే ఆగుతుందట. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సింథటిక్ 5డబ్ల్యూ-30 అంటున్నాడు. మాన్యువల్‌లో చూస్తే ఎస్ఏఈ 30 అని కూడా ఉంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముగ్గురూ మీ మేలు కోరేవాళ్లేనండీ. కాకపోతే ఆ మాన్యువల్ తెరిచింది మీరొక్కరే. ఎస్ఏఈ 30, అంటే డబ్ల్యూ అంకె లేని ఒకే గ్రేడు ఆయిల్, పొయ్యండి. దొరక్కపోతే మీ అబ్బాయి చెప్పిన సింథటిక్. మిగతా రెండూ మన ఊళ్లకి వద్దు.

ఎందుకో చెబుతాను. మీ మోవర్‌కు రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. ఫ్లైవీల్ మీద ఫ్యాను కొట్టే గాలి, లోపల తిరిగే ఆయిల్, ఈ రెండే దాన్ని చల్లబరచాలి. కారైతే రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలి తగులుతుంది. ఇది మనిషి నడిచినంత వేగంతో పోతూ, బ్లేడు కోసం ఇంజను మాత్రం ఫుల్ రేజులో తిరుగుతూ ఉంటుంది. మే నెలలో బయటే 44, 45 డిగ్రీలుంటే లోపల ఆయిల్ సంగతి ఇక చెప్పాలా!

డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటే డబ్ల్యూ ముందున్న అంకె చలికాలంలో స్టార్టింగ్‌కి సంబంధించింది. వెనక ఉన్న 30, ఇంజను బాగా వేడెక్కాక ఆయిల్‌కి మిగిలే చిక్కదనం. చలి ముదిరిన దేశాల్లో ముందు అంకెకి విలువ ఎక్కువ. ఎస్ఏఈ 30 పోస్తే 4 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఇంజను స్టార్ట్ కావడం కష్టమని కంపెనీయే చెబుతుంది. గుంటూరులో పుష్యమాసం తెల్లవారుజామున కూడా ఆ భయం లేదు. కాబట్టి ఆ ముందు అంకెకు మనం ఇచ్చే డబ్బు దండగ.

దండగతో పోతే ఫర్వాలేదు. మామూలు 10డబ్ల్యూ-30 అంటే పలచటి ఆయిల్‌లో, వేడికి మరీ నీళ్లయిపోకుండా పాలిమర్ కలిపి చేసేది. వాడే కొద్దీ ఆ పాలిమర్ నలిగిపోతుంది, పలచటి భాగం వేడికి ఆవిరవుతుంది. ఒకే గ్రేడు ఎస్ఏఈ 30కి ఆ గొడవ లేదు. 27 డిగ్రీలు దాటిన వాతావరణంలో ఈ గ్రేడుతో ఆయిల్ ఖర్చు పెరగొచ్చు, లెవెల్ తరచూ చూసుకోండి అని బ్రిగ్స్ మాన్యువల్‌లోనే రాస్తారు. మనకు 27 లోపు ఉండేదెప్పుడు? సంక్రాంతికి అటూ ఇటూ నాలుగు పొద్దులు. సింథటిక్ 5డబ్ల్యూ-30కి ఆ బెడద బాగా తక్కువ, అన్ని ఉష్ణోగ్రతలకూ కంపెనీ ఒప్పుకుంటుంది. రేటే ఎక్కువ. అబ్బాయి డబ్బులు పంపుతానంటే అదే పొయ్యండి, నాకేం అభ్యంతరం లేదు!

ఇక బుల్లెట్ ఆయిల్. అది 15డబ్ల్యూ-50. బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, అవి జారకుండా ఉండేలా ఆ ఆయిల్ చేస్తారు. డబ్బా మీద జాసో ఎంఏ (బైకు ఆయిళ్ల జపాన్ ప్రమాణం) అని ఉండేది అందుకే. మీ మోవర్‌లో బ్లేడు క్లచ్ ఇంజను బయట ఉంటుంది, ఆయిల్ దాన్ని తాకనే తాకదు. బావమరిది మాట విని పోస్తే ఇంజను ఆ రోజే చెడిపోదు. కానీ మీ మాన్యువల్ చార్టులో లేని ఆయిల్ పోసి, రేపు ఏదైనా అయితే వారంటీ కోసం వాదించడం అనవసరమైన టెన్షన్. ఆయిల్ కొన్న బిల్లు కూడా దాచుకోండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మా ఆటోనగర్‌లో గానీ మీ ఊళ్లో గానీ ఎస్ఏఈ 30 అని అడిగితే కొన్ని షాపుల్లో డీజిల్ పంపుసెట్టు ఆయిల్ తీసి చేతిలో పెడతారు. గ్రేడు అదే కాబట్టి వాళ్లు అబద్ధమాడినట్టు కాదు. మీరు డబ్బా తిప్పి, ఏపీఐ (ఆయిల్ ఏ ఇంజనుకో చెప్పే అమెరికా రేటింగ్) అని ఉన్నచోట పెట్రోలు ఇంజన్లకు పనికొచ్చే ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు ఉన్నాయేమో చూడండి: ఎస్ఎఫ్, ఎస్‌జీ, ఎస్‌జే, ఎస్ఎల్, ఆపైన ఏదైనా సరే. ఒట్టి సి అక్షరంతో ఉన్నది డీజిల్ ఇంజన్లకు.

పోయడం దగ్గరే చాలామంది తొందరపడతారు. మోవర్‌ని లాన్ మీద కాదు, సమంగా ఉన్న సిమెంటు గచ్చు మీద నిలపండి. ఈ సైజు ఇంజన్లకు ఫిల్టర్‌తో కలిపి సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల లోపు పడుతుంది, మీది ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. చెప్పినదాంట్లో ముప్పాతిక వంతు పోసి, ఒక నిమిషం ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడండి. కొన్నిటికి మర బిగించి చూడాలి, కొన్నిటికి ఊరికే ఆనించి చూడాలి. ఇది తేడా వస్తే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఫుల్ గీత దగ్గరికి వచ్చాక ఒక్క చుక్క కూడా వద్దు. ఎక్కువైతే ఆయిల్ నురగ కట్టి, బ్రీదర్ (ఇంజను లోపలి గాలి వదిలే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్ని, తెల్లటి పొగ వేస్తుంది. పెళ్లివారు వచ్చే రోజు ఆ పొగ చూస్తే మీకు నిద్ర పట్టదు.

మొదటి ఆయిల్ తొందరగా మార్చాలి. చాలా మాన్యువల్స్‌లో మొదటి మార్పు 5 గంటలకి, కొన్నిటిలో 8 గంటలకి అని ఉంటుంది. కొత్త ఇంజనులో భాగాలు ఒరుసుకుని రాలే లోహపు పొడి అంతా అందులోనే ఉంటుంది. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే పూర్తిగా దిగుతుంది. తర్వాత మాన్యువల్‌లో 100 గంటలని ఉన్నా, మన దుమ్ముకీ ఎండకీ నేనైతే 50కే మార్చేస్తాను. తీసిన ఆయిల్ కాలవలో పారబొయ్యకండి, పాత ఆయిల్ కొనేవాళ్లు ఉన్నారు.

మీరు అడగలేదు గానీ, పాత బ్రష్ కట్టర్లు ఇంకా అక్కడే ఉన్నాయా? అవి టూ-స్ట్రోక్ అయితే వాటికి విడిగా ఇంజను ఆయిల్ ఉండదు, పెట్రోల్లోనే 2టీ (టూ-స్ట్రోక్) ఆయిల్ కలిపి ఉంటుంది. ఆ క్యానూ మోవర్ క్యానూ ఒకే రంగువైతే, ఏదో ఒక పొద్దున మీ మాలి కలిపిన పెట్రోలు మోవర్‌లో, ఉత్త పెట్రోలు కట్టర్‌లో పోస్తాడు. మోవర్ పొగ పెట్టి ఊరుకుంటుంది, కట్టర్ పిస్టన్ మాత్రం పట్టేస్తుంది. ఒక క్యానుకు ఎర్ర పెయింటు వేయించండి.