నాన్న కారు తీసుకెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బావగారి మారుతి 800ని హైదరాబాద్ తీసుకెళ్లి నువ్వే వాడుకుంటానన్నావని అక్కయ్య చెప్పింది. స్క్రాపుకి ఇచ్చేస్తారేమోనని నాకు లోపల బెంగగానే ఉండేది, ఆ మాట విన్నాక కుదుటపడ్డాను. 1997లో ఆ కారు ఇంటికొచ్చిన రోజు బావగారి పక్క సీట్లో కూర్చున్నది నేనే. అందుకే నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఇంజిన్ సంగతి. దాన్ని ఎఫ్8బి అంటారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. హార్స్‌పవర్ నలభై లోపే. బండి బరువు 650 కిలోల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి ఆ శక్తి దానికి చాలు. మనది 2000కి ముందు బండి. కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ కాదు, గాలిలో పెట్రోలు కలిపి పంపే కార్బొరేటర్ ఇంజిన్. కంప్యూటర్ లేదు, సెన్సర్ల గొడవ లేదు. చూపుకి, చెవికి, ముక్కుకి తెలియని రోగం దీనికి దాదాపు రాదు. కాకపోతే అది చెప్పినప్పుడు మనం వినాలి.

ఈ ఇంజిన్ పాతబడి చావదురా, వేడికి చస్తుంది. నువ్వు మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో. నాకిది ఎలా తెలిసిందో చెప్తాను. నాకూ ఇలాంటి బండే ఉండేది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినప్పుడల్లా పెరట్లో బోరు నీళ్లు పట్టి పోసేవాణ్ని. మన గుంటూరు వైపు బోరు నీళ్లు ఎంత ఉప్పనో నీకు తెలుసుగా. ఒక మే నెల మధ్యాహ్నం సూర్యాపేట దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేవడం చూశాను. ముందు ఊళ్లో ఆపుదాంలే అని ఇంకో పది కిలోమీటర్లు లాగాను. ఆపేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి, కమ్మటి కూలెంట్ వాసన. సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు అల్యూమినియం, వేడికి వంగిపోయింది. లేత్ షాపులో దాన్ని చదును చేయించి, కింద కారకుండా పెట్టే గాస్కెట్ మార్పించి, నాలుగు రోజుల తర్వాత బండి తెచ్చుకున్నాను. రేడియేటర్ విప్పితే లోపలి గొట్టాల్లో కుండ అడుగున పేరుకున్నట్టు తెల్లటి ఉప్పు గట్టిపడిపోయి ఉంది. గుండుసూది కూడా దూరలేదు. తప్పు బండిది కాదు, నేను పోసిన నీళ్లది.

కాబట్టి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపినదే పొయ్యాలి. రెండేళ్లకోసారి మొత్తం వంపేసి కొత్తది పోయించు. రేడియేటర్ మూత చవకది, దానికి రబ్బరు గట్టిపడితే ఆలోచించకుండా మార్చెయ్. ఆ మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్లే లోపల నీళ్లు నూరు డిగ్రీలకే మరగకుండా ఉంటాయి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. అందుకని ఛార్జింగ్ లైటు వెలిగితే బ్యాటరీ గొడవే కదా అని పోనివ్వకు, బెల్టు తెగిందేమో చూడు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాన్ తిరుగుతోందా లేదా చెవి పెట్టి విను.

ఇంకో మాట. మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకండీ, తీసేద్దాం అనే మెకానిక్ నీకు తప్పకుండా తగులుతాడు. ఒప్పుకోవద్దు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి వదలని వాల్వు అది, 82 డిగ్రీల దగ్గర తెరుచుకునేలా పెట్టింది ఊరికే కాదు. తీసేస్తే ఇంజిన్‌కి సరైన వేడి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల మసి పడుతుంది.

ఒకవేళ ముల్లు లేస్తే? పక్కకి తీసి ఆపు. మూత జోలికి వెళ్లకు, మొహం కాలుతుంది. అరగంటైనా ఆగి, చల్లారాక మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పు. కాలే ఇంజిన్ మీద చన్నీళ్లు కుమ్మరించకు.

నెలకోసారి ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడు. మజ్జిగ మీద మీగడలాంటిది కనిపించి, నీళ్లు కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టే, ఆ రోజే బండి ఆపెయ్. పొగ కూడా మాట్లాడుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే వాల్వ్ సీల్స్ సంగతి, అది చిన్న పని. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగాయి. అప్పుడు కూడా ‘ఇంజిన్ బోరుకొచ్చింది’, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, అని ఎవరో అన్నారని విప్పనివ్వకు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూపించి మూడు సిలిండర్ల లెక్కా కాగితం మీద రాయించుకో. ప్లగ్గులు కూడా విప్పి చూడు. కాఫీ రంగులో ఉంటే ఆరోగ్యం, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది.

వాల్వ్‌లని నొక్కే ట్యాపెట్లు టిక్కుటిక్కుమంటున్నాయని కొందరు బిగించేస్తారు. చప్పుడు పోతుంది, బండి పోతుంది. గ్యాప్ లేకపోతే వాల్వ్ పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి కొలిచే చేతికే ఆ పని ఇవ్వు. వాల్వ్‌లు సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బావగారి డైరీలో నాకు కనపడలేదు. రాసి లేదు కాబట్టి మార్చలేదనే అనుకో, ప్రయాణానికి ముందే వేయించు.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. ఈ కారు చేసినప్పుడు ఆ ఊహే లేదు. పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులో డయాఫ్రమ్ అనే పొర దానికి మెత్తబడి పగుళ్లిస్తాయి. పైపులన్నీ కొత్తవి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు. ఇథనాల్ తేమ పీలుస్తుంది, అందుకని ట్యాంకు నింపి వారాల తరబడి వదిలెయ్యకు. కార్బొరేటర్ తనంతట తాను సర్దుకోలేదు, కాబట్టి బండి తడబడుతుంటే గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ సరిచేయించాలి. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయకుండా ముందు పైపులు చూడు.

వారం ఆగిన బండిని పొద్దున్నే తియ్యాలంటే చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు పాలు పెంచే చోక్ పిడి పూర్తిగా లాగి స్టార్ట్ చెయ్, అందుకున్నాక కొంచెం కొంచెంగా లోపలికి తోసెయ్. చోక్ లాగి ఉంచి ఆఫీసు దాకా వెళ్లావంటే ప్లగ్గులు నల్లబడతాయి, ఆయిల్ పల్చబడుతుంది. ఆయిల్ ఐదు వేల కిలోమీటర్లకి, తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చాలి. పట్టేది మూడు లీటర్ల లోపే, అక్కడ పొదుపు చేయకు.

సామాన్లకి బెంగ లేదు. 2014 దాకా ఈ కారు తయారైంది, మన విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. రేడియేటర్ గొట్టాలు, టైమింగ్ బెల్టు, గాస్కెట్ సెట్టు నేనే తెచ్చి ఉంచాను. శనివారం సాయంత్రానికి వచ్చెయ్, ఆదివారం పొద్దున ఎండెక్కకముందే రేడియేటర్ దించి ఇద్దరం కడుగుదాం. పాత బట్టలు తెచ్చుకో.

ఇట్లు,
మీ మామయ్య