ఏఐ వీడియోతో క్యాండిడేట్లను పేరుపెట్టి పిలవడం తప్పా?

మీ కంపెనీ ఒక రిక్రూటర్ ముఖం, గొంతు తీసుకుని, ఒక్కో క్యాండిడేట్‌నీ పేరుపెట్టి పలకరించే ఏఐ వీడియోలు పంపాలనుకుంటోంది, ఇందులో తప్పుందా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఐటీ రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నాను. ఈ పద్ధతి నడిచిన చోట పనిచేశాను. నా మటుకు వీడియో పంపడంలో తప్పు లేదు. తెరిచి కూడా చూడని ప్రొఫైల్‌ను చూశామని దానిచేత చెప్పించడమే తప్పు.

ఇది నడిచే తీరు తెలిస్తే తేడా మీకే అర్థమవుతుంది. రిక్రూటర్ కెమెరా ముందు కాసేపు మాట్లాడుతుంది. ఆమె ముఖం, గొంతు టూల్ పట్టేస్తుంది. తర్వాత ఎక్సెల్ షీట్ ఎక్కిస్తారు: పేరు, ఊరు, ఇప్పటి కంపెనీ, స్కిల్, ప్రాజెక్ట్. వరుసకో వీడియో తయారవుతుంది, పేరు పలికే చోట పెదాలు కూడా దానికి తగ్గట్టే కదులుతాయి. మా స్క్రిప్ట్‌లో ఒక మాట ఉండేది: "మీ ప్రొఫైల్ మొత్తం చూశాను, మీ ప్రాజెక్ట్ నాకు చాలా నచ్చింది." ప్రాజెక్ట్ పేరు షీట్‌లోని గడి నుంచి వచ్చి అక్కడ చేరేది. ఆమె దాన్ని చూసింది లేదు.

మనవాళ్లు చాలామంది ఇంటిపేరు ముందు రాస్తారు కదా, మొదటి గడిలో ఉన్నదే పేరనుకుని ఆ వీడియో "హాయ్ బండారు", "హాయ్ వెలగపూడి" అనేది. అలాంటి వీడియో వచ్చినవాళ్లు ఇది మెషీన్ పనేనని వెంటనే పట్టేసేవారు. తమ పేరు సరిగ్గా వినిపించినవాళ్లే నమ్మేవారు.

నమ్మినవాళ్ల ఫోన్లు నాకు వచ్చేవి. వరంగల్ వైపు అబ్బాయి ఒకడు, చదువయ్యాక ఉద్యోగం దొరక్క ఖాళీగా ఉన్నాడు. "అన్నా, మేడమ్ నా ప్రాజెక్ట్ మంచిగుందన్నరు కదా, దాంట్ల ఇంకో మాడ్యూల్ కలిపి గిట్‌హబ్‌ల పెట్టిన, ఒక్కసారి చూడమని చెప్పున్రి" అన్నాడు. గిట్‌హబ్ అంటే రాసిన కోడ్‌ను నలుగురూ చూసేలా పెట్టే సైట్. వీడియో వాళ్లమ్మకు కూడా చూపించాడట. ఆ ఉద్యోగానికి నాలుగేళ్ల అనుభవం కావాలి. అతని రెజ్యూమె ఎవరు తెరిచినా ఆ సంగతి మొదటి పేజీలోనే తెలిసేది. అదే అందరికీ వెళ్లే మెయిల్ అయితే అతను దానికి ఇవ్వాల్సినంత విలువే ఇచ్చేవాడు. ఒక మనిషి తనవైపు చూసి, తన పేరు పలికి, తన పని మెచ్చుకుంటే ఎవరైనా రాత్రుళ్లు కూర్చుని ఇంకో మాడ్యూల్ రాస్తారు. రెస్పాన్స్ రేటు, అంటే జవాబిచ్చినవాళ్ల శాతం, పెరిగిందని మనం చూపించే అంకెలో ఇలాంటి కష్టం కూడా ఉంటుంది. అందుకే నాకు ఆ అంకె మీద గౌరవం లేదు.

ముఖం ఇచ్చిన అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. ఆమె మానేసి వేరే కంపెనీలో చేరాక కూడా ఆమె వీడియోలు వెళ్తూనే ఉన్నాయి. "మీకు రిప్లై ఇచ్చాను మేడమ్, జవాబే లేదు" అంటూ లింక్డిన్‌లో ఆమెకు మెసేజ్‌లు. ఆమె సంతకం పెట్టిన కాగితంలో గడువు మాటే లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఏ పనికోసమో స్పష్టంగా ఉండాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. అందాకా ఆగక్కర్లేదు. మీ ముఖమే అడిగితే, నా చివరి పనిదినంతో ఈ అనుమతి ముగుస్తుందని ఇప్పుడే రాయించుకోండి. యూరప్ వాళ్లకు పంపేట్టయితే అక్కడి 2024 ఏఐ చట్టం 50వ అధికరణ చదవండి. నిజంలా కనిపించే కల్పిత వీడియో అయితే కల్పితమని చెప్పాల్సిందే.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మోసగాళ్ల సంగతి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని యువకులను పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా తాలూకు ఏజెంట్లను 2024లో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. డబ్బు కట్టించుకునే బ్యాక్‌డోర్ ఉద్యోగాల బాధితులు మాదాపూర్ చుట్టుపక్కల ఇప్పటికీ కనిపిస్తారు. తయారుచేసిన ముఖాన్ని నమ్మడం మనలాంటి అసలు కంపెనీలే అలవాటు చేస్తే, రేపు ఏజెంటు పంపిన వీడియోను ఆ పిల్లలు ఎలా అనుమానిస్తారు?

కాబట్టి మీ మేనేజర్‌తో స్క్రిప్ట్ గురించే మాట్లాడండి. జీతం ఎంత నుంచి ఎంత, షిఫ్ట్ ఏది, బాండ్ ఉందా, ఎన్ని రౌండ్లు లాంటివి వీడియోలో చెప్పించండి. ఇవి క్యాండిడేట్‌కు నిజంగా పనికొస్తాయి. రిజెక్ట్ చేసేటప్పుడు మాత్రం ఇలాంటి వీడియో వద్దు. మొదలు ఇలా ఉండొచ్చు: "నమస్తే. ఇది ఏఐతో తయారుచేసిన వీడియో. మీ స్కిల్స్ ఈ ఉద్యోగానికి సరిపోవచ్చని మా సాఫ్ట్‌వేర్ చూపించింది. మీ ప్రొఫైల్ ఇంకా మాలో ఎవరూ చదవలేదు. మీకు ఆసక్తి ఉందంటే చదివి, ఫోన్ చేస్తాం." దీనివల్ల రిప్లైలు తగ్గుతాయని అంటారు, తగ్గుతాయి కూడా. వచ్చిన ప్రతి రిప్లైనీ చదివి ఫోన్ చేయడానికి మీ టీమ్‌లో ఎవరున్నారో ముందే పేరుతో సహా రాయించండి. అంతమందికి చేయలేమంటే, చేయగలిగినంతమందికే వీడియోలు పంపమనండి.