మాజీ రాజా, ఆఖరి రాజా?

సందేహం: గ్రీసు ‘మాజీ రాజు’ కాన్‌స్టంటైన్ అంత్యక్రియలకు యూరప్ రాజులు హాజరయ్యారని పాత వార్త ఒకటి చదివాను. మాజీ మంత్రి అన్నట్టు మాజీ రాజు అనొచ్చా? అసలు ఎప్పుడో సింహాసనం పోయినాయన కోసం అంతమంది ఎందుకొచ్చినట్టు?

సమాధానం: అనొచ్చు. మాజీ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకొచ్చింది, గడిచిపోయినది అని అర్థం. గ్రీసు వాళ్లయితే ఆయన్ని ఏళ్ల తరబడి ‘ఓ తేఓస్’ అనే అన్నారు, అంటే ఉత్త ‘మాజీ’, రాజు అన్న మాట కూడా తగిలించకుండా! కాకపోతే మాజీ మంత్రి అనగానే ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకొకరు ఉన్నారనుకుంటాం. ఇక్కడ కుర్చీయే లేదు, 1974 డిసెంబరులో ఓటింగ్ పెడితే దాదాపు 69 శాతం మంది రాచరికమే వద్దన్నారు. 2023 జనవరి 16న ఏథెన్స్ చర్చికి వచ్చినవాళ్లలో కొడుక్కి గద్దె అప్పగించి తప్పుకున్న స్పెయిన్ యువాన్ కార్లోస్ (2014), నెదర్లాండ్స్ బియాట్రిక్స్ (2013) ఉన్నారు, మాజీ అన్న మాట వీళ్లకి అతికినట్టు సరిపోతుంది. కాన్‌స్టంటైన్‌ని నేనైతే ‘గ్రీసు ఆఖరి రాజు’ అంటాను.

ఇక ఎందుకొచ్చారంటే, చుట్టాలు గనక. గ్రీసు ప్రభుత్వం లాంఛనాలేమీ ఇవ్వలేదు, ఏథెన్స్ దగ్గర పాత రాజకుటుంబపు ఎస్టేటు తతోయిలో, తల్లిదండ్రుల సమాధుల దగ్గర మామూలు పౌరుడిలాగే ఖననం చేశారు. ఇంగ్లీషు వార్తల్లో అందరూ కజిన్లే, మనవాళ్లు దాన్ని ‘బంధువులు’ అని తేల్చేస్తారు, ఇన్ని వరసలు పెట్టుకుని ఎందుకండీ ఆ పిసినారితనం? అప్పటి డెన్మార్క్ రాణి మార్గరెథె (2024లో తప్పుకున్నారు), ఆయన భార్య ఆన్-మరీకి సొంత అక్క, కాబట్టి ఆయనకి వదిన. స్పెయిన్ సోఫియా ఆయన తోడబుట్టిన అక్క, ఆవిడ భర్త యువాన్ కార్లోస్ బావ, ఇప్పటి రాజు ఫెలిపె మేనల్లుడు. స్వీడన్ రాజు కార్ల్ గుస్తాఫ్ ఏమో ఆన్-మరీకి మేనమామ కొడుకు, నాలుగు నెలలు పెద్ద కూడా, అంటే ఆవిడకి శుభ్రంగా బావ (మన ఇళ్లలో అయితే పుట్టగానే పెళ్లిమాటలు నడిచేవి).

బ్రిటన్ రాజు చార్లెస్ రాలేదు, చెల్లెలు ఆన్‌ని పంపారు. చార్లెస్ తండ్రి ఫిలిప్, కాన్‌స్టంటైన్ తండ్రి పాల్ ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు, కాబట్టి కాన్‌స్టంటైన్ ఆవిడకి అన్న వరస, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దాయాది. పేపర్ల పుణ్యమా అని దాయాది అంటే పాకిస్తానే గుర్తొస్తోంది గానీ, మగవాళ్ల వైపు నుంచి ఒకే వంశం వాళ్లు అనే అసలు అర్థం. విక్టోరియా రాణి వైపు నుంచి లెక్కేస్తే వరసలన్నీ మళ్లీ కలగాపులగం అవుతాయి, అటు పోవద్దు. బెల్జియం, లక్సెంబర్గ్ వాళ్లది దూరపు చుట్టరికం.

హాజరయ్యారు తప్పు కాదు, ‘వచ్చారు’ అన్నా చాలు. ‘విచ్చేశారు’ అని మాత్రం రాయకండి, అది పెళ్లిళ్లకీ సభలకీ.