మీరు వెతికే సినిమా ‘బిగ్ ఫిష్’

కోతలు కోసే తండ్రి, ఆయనతో మాట్లాడని కొడుకు, తాటిచెట్టంత మనిషి ఉన్న సినిమా సగం చూశాక కరెంటు పోయింది, అది ఏ సినిమా అని అడిగారు కదా... అది ‘బిగ్ ఫిష్’ అండి. 2003లో వచ్చింది, దర్శకుడు టిమ్ బర్టన్. కథ అమెరికాలోని అలబామాలో జరుగుతుంది. తన పెళ్లి విందులో నాన్న మళ్లీ ఆ పెద్ద చేపను పట్టిన కథే ఎత్తుకున్నాడని కొడుకు మూడేళ్లు ఆయనతో మాట్లాడడు. మీరు చూడని చివరి భాగం ఆసుపత్రిలో. అక్కడ కథ చెప్పాల్సింది కొడుకే. అంతకుమించి చెప్పను.

మా శ్రీకాకుళంలో నాన్న నాగావళిలో పట్టిన చేపను రెండు చేతులూ చాచి చూపిస్తుంటే నేను లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఈ సినిమా చూసిన రాత్రే ఫోన్ చేసి ఆ కథ మళ్లీ చెప్పమన్నాను.

నాన్నగారితో కలిసి చూడొచ్చా అని అడిగారు కదా, తప్పకుండా చూడండి. ఆయనకు ఒంట్లో బాగోకపోతే మాత్రం ఆసుపత్రి సీను ఉందని ముందే చెప్పండి.