ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్సేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. మూడు నెలలుగా పొద్దున లేవగానే వేళ్లు పట్టేస్తున్నాయి, ఎండకు బుగ్గలు ఎర్రబడుతున్నాయి. రక్తపరీక్షలో ఏఎన్ఏ 1:80 పాజిటివ్ అన్నారు. లూపస్సేనా? దాన్ని ముందే పట్టే పరీక్ష లేదా?
- ఒక తల్లి, కావలి

జవాబు: ఆ ఒక్క కాగితం చూసి బెంబేలెత్తకండి. లూపస్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడిచేసే జబ్బు. ఏఎన్ఏ అంటే సొంత కణాల కేంద్రకానికే ఎదురుతిరిగే యాంటీబాడీలు. 1:80 అంటే సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) 80 రెట్లు పలచన చేసినా, హెప్-2 అనే ల్యాబ్ కణాల మీద ఆ యాంటీబాడీల మెరుపు ఇంకా కనిపించిందని. ఆరోగ్యంగా తిరిగేవాళ్లలోనూ నూటికి పదిమందికి పైగా ఇది వస్తుంది. అలాగని కొట్టిపారేయలేం, 2019 నాటి వర్గీకరణలో లూపస్ లెక్క మొదలయ్యేదే ఇక్కడ. ఏఎన్ఏనే మళ్లీ మళ్లీ చేయించడం మాత్రం డబ్బు దండగ.

ఇప్పుడు కావలసినవి లూపస్‌ను గట్టిగా సూచించే యాంటీబాడీలు యాంటీ డీఎస్‌డీఎన్ఏ, యాంటీ స్మిత్, రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లు సీ3, సీ4, రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్. అన్నిటికంటే చవకైనదీ, జనం వదిలేసేదీ మూత్రపరీక్ష. పొద్దున మొదటి మూత్రంలో, తొలిధార వదిలేసి మధ్యధార పట్టి, రెండు గంటల్లోపు ల్యాబ్‌లో ఇవ్వండి. ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటితే కిడ్నీ సంగతి వెంటనే చూడాలి. కాంప్లిమెంట్ మొత్తం పనితీరు కొలిచే సీహెచ్50 కూడా రాస్తే శాంపిల్ ఐస్‌లో వెళ్లాలి. మన ఎండలకు బయట ఉంచితే లేని తగ్గుదల చూపిస్తుంది.

ముందే పట్టడం అంటారా, 2003లో అమెరికా సైనికుల నిల్వ సీరం తిరగేస్తే, లూపస్ వచ్చిన 130 మందిలో 115 మందికి జబ్బు తేలకముందే యాంటీబాడీలున్నాయి, కొందరికి తొమ్మిదేళ్ల ముందే. చిక్కల్లా, యాంటీబాడీ ఉన్న అందరికీ జబ్బు రాదు. అందుకే రక్తకణాలకు అతుక్కున్న సీ4డీ అనే సీ4 ముక్కను కొలిచే పరీక్షలు తయారుచేశారు. మీ అమ్మాయికి ముందు కావలసింది అవి కాదు, ఈ రిపోర్టులతో రుమటాలజిస్టు (కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టరు).