సరిగమ సందేహాలు: రెగే, రెగెటోన్ కలిసి పాడితే

ప్రశ్న: రెగే, రెగెటోన్ ఒకటేగా అంటే మా అబ్బాయి నవ్వుతున్నాడు. తేడా ఏమిటి? ఆ గాయకులూ ఈ గాయకులూ కలిసి పాడిన పాటలు చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అబ్బాయి నవ్వితే నవ్వాడు గానీ, మీరు మరీ తప్పేం అనలేదమ్మా. రెగే జమైకా సంగీతం, రెగెటోన్ ప్యూర్టోరికోలో ఎదిగిన స్పానిష్ పాట. రెంటికీ దగ్గరి చుట్టరికమే. ముందు తేడా చెబుతాను, చేత్తో వేసుకుని చూడండి.

ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. దెబ్బ ఒకటి మీద పడాలని మన చెవి ఎదురుచూస్తుంది. రెగేలో బాగా పేరున్న 'వన్ డ్రాప్' నడకలో అక్కడ ఖాళీ. డ్రమ్ మూడు మీద పడుతుంది. గిటారు రెండు, నాలుగు మీద చక్ చక్‌మంటుంది.

రెగెటోన్‌కి మృదంగం పిల్లల లెక్క చాలు: తకిట తకిట తక. మొత్తం ఎనిమిది అక్షరాలు. ఒకటి, అయిదు అక్షరాల మీద కాలు వేయండి. నాలుగు, ఏడు మీద చప్పట్లు కొట్టండి. మొదట కాలూ చెయ్యీ పోట్లాడుకుంటాయి, కాస్త నెమ్మదిగా తిప్పితే కుదురుతుంది. కుదిరాక వినండి, పెళ్లి ఊరేగింపులో మా ఆర్కెస్ట్రా ప్యాడ్స్ కుర్రాడు జనం ఊపందుకోగానే ఎత్తుకునే దరువు ఇదే. దీన్ని 'డెంబో' అంటారు.

ఈ దరువు పుట్టిల్లు జమైకా. స్టీలీ, క్లీవీ అనే ఇద్దరు 1989లో చేసిన 'ఫిష్ మార్కెట్' అనే వాద్య సంగీతంలో దాని మూలం ఉందంటారు. 1990ల మొదట్లో జమైకా గాయకుడు షబ్బా ర్యాంక్స్ పాడిన 'డెమ్ బో' వల్ల ఆ పేరు స్థిరపడింది. అప్పటికే పనామాలో ఇంకో కథ నడుస్తోంది. 1904–14 మధ్య కాలువ తవ్వడానికి బార్బడోస్, జమైకాల నుంచి వెళ్లిన కూలీల వారసులు అక్కడ జమైకా పాటల్ని స్పానిష్‌లోకి మార్చి పాడుకునేవాళ్లు. వాళ్లలో ఎల్ జెనరల్ అనే గాయకుడికి చాలా పేరొచ్చింది. అదంతా న్యూయార్క్ మీదుగా ప్యూర్టోరికో చేరింది. అక్కడి కుర్రాళ్లు దానికి ర్యాప్ కలిపి క్యాసెట్లు చేశారు. అదే రెగెటోన్ అయింది. 2004లో ప్యూర్టోరికో గాయకుడు డాడీ యాంకీ 'గ్యాసోలినా'తో ప్రపంచమంతా వినేసింది.

అందుకే జమైకా గాయకుడు రెగెటోన్ పాటలో గొంతు కలిపితే 'కొత్త ప్రయోగం' అని రాసేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మేనమామ ఆడపడుచు ఇంటికి భోజనానికొస్తే ఎవరో కొత్త అతిథి వచ్చాడన్నట్టుంటుంది.

ఇక పాటలు. మొదట 'కాన్ కాల్మా' (2019) వినండి. డాడీ యాంకీతో పాడింది స్నో. ఈయన జమైకావాడు కాదు, టొరంటోలో పుట్టిన తెల్లవాడు. పక్కిళ్ల జమైకా వాళ్ల దగ్గర ఆ యాస పట్టేశాడు. ఆయన పాత పాట 'ఇన్ఫార్మర్' 1993లో అమెరికాలో ఏడు వారాలు నంబర్ వన్. డాడీ యాంకీ ఆ పాటనే కొత్తగా అల్లి, పాడినాయన్నే పిలిచి పాడించాడు. పాత పాట వాడుకునేవాళ్లు ఎంతమందో, అసలు గాయకుణ్ని పక్కన నిలబెట్టుకునేవాళ్లు ఎందరో మీకు తెలియంది కాదు.

తర్వాత కొలంబియా గాయని కరోల్ జి, డామియన్ మార్లీతో పాడిన 'లవ్ విత్ ఎ క్వాలిటీ' (2019). డామియన్ అంటే రెగే దిగ్గజం బాబ్ మార్లీ చిన్న కొడుకు. ఇందులో ఆమే రెగే వైపు వెళ్లింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ వినండి. అదే ఏడాది కొలంబియా గాయకుడు జె బాల్విన్, జమైకా గాయకుడు షాన్ పాల్ 'కాంట్రా లా పారెడ్' చేశారు. డ్యాన్సుకి బాగుంటుంది. నేను మాత్రం రెండోసారి పెట్టుకోలేదు.

ప్రశ్న: ట్యూన్ ఎత్తేస్తే కాపీ అంటాం. దరువు ఎత్తేస్తే?
– ఒక డ్రమ్మర్, వరంగల్

జవాబు: ఆ గొడవే కాలిఫోర్నియా కోర్టుకెక్కింది. పైన చెప్పిన స్టీలీ 2009లో చనిపోయారు. ఆయన వారసులు, క్లీవీ కలిసి 2021లో దావా వేశారు. 'ఫిష్ మార్కెట్' దరువు వాడుకున్నాయంటూ వెయ్యికి పైగా పాటల్ని లెక్కలోకి తెచ్చారు. డాడీ యాంకీ లాంటి పెద్ద పేర్లన్నీ అందులో ఉన్నాయి. మొదట్లోనే కొట్టేయమని అవతలివాళ్లు అడిగితే 2024లో జడ్జి ఒప్పుకోలేదు. నా మటుకు నాకు రెండు మనసులు. ఆది తాళానికి ఎవరైనా రాయల్టీ అడిగితే మనం ఊరుకుంటామా? అలాగని, ఇన్ని కోట్లు తెచ్చిపెట్టిన దరువు కట్టినవాళ్ల పేర్లు పాట కింద కనబడకపోవడమూ న్యాయంగా లేదు.

ప్రశ్న: పచ్చ బొమ్మ డ్యాన్స్ చేసే పాట మా పాప బర్త్‌డేకి పెట్టొచ్చా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: 'డామె తు కొసీత' గురించేగా. అదీ ఈ కోవదే: చేసింది పనామావాడు ఎల్ చొంబో, జతగా పేరు పడింది జమైకా గాయకుడు కటీ ర్యాంక్స్‌ది. నిక్షేపంగా పెట్టండి. స్పానిష్ తెలిసిన బంధువులుంటే మాత్రం వాళ్లు కేకు దగ్గరున్నప్పుడు పెట్టండి, మాటలు అంత చిన్నపిల్లలవి కావు.